లిస్బన్‌లో రోలర్ హాకీ ఫైనల్ ఫోర్: స్కోరు పక్కనున్న అంకె

చక్రాల స్కేట్ల మీద ఆడే రోలర్ హాకీలో యూరప్ క్లబ్బుల కప్పు యూరోపియన్ లీగ్. 2018–19లో దాని ఫైనల్ ఫోర్, అంటే చివరి నాలుగు జట్ల మ్యాచ్‌లు, చూడ్డానికి లిస్బన్ వెళ్లాను. మే 11 శనివారం రెండు సెమీఫైనల్స్, 12 ఆదివారం ఫైనల్. ఆ సీజన్‌లో 16 క్లబ్బులు నాలుగు గ్రూపులుగా ఆడాయి. ప్రతి గ్రూపులోంచి ఇద్దరు క్వార్టర్స్‌కు వచ్చారు. క్వార్టర్స్ అంటే ఇంట్లో ఒకటి, బయట ఒకటి, రెండింటి గోల్స్ కలిపి లెక్క. అంటే ఒక మ్యాచ్ చెడినా రెండోదాంట్లో దిద్దుకోవచ్చు. ఫైనల్ ఫోర్‌కు వచ్చాక ఆ అవకాశం ఉండదు, ఓడినవాడు సాయంత్రమే సామాను సర్దుకోవాలి.

హైదరాబాద్ నుంచి లిస్బన్‌కు నేరుగా విమానం లేదు. దుబాయ్‌లో మారడం తేలిక. వీసా షెంగెన్‌ది. ఎయిర్‌పోర్ట్ కిందే మెట్రో ఉంది: ఎర్ర లైను ఎక్కి అలమేడలో దిగి, టెల్యైరాష్ వైపు వెళ్లే పచ్చ లైను పట్టుకుంటే కాంపో గ్రాండే వస్తుంది. స్పోర్టింగ్ క్లబ్ ఫుట్‌బాల్ స్టేడియం, దాని పక్కనే ఈ మ్యాచ్‌లు జరిగే జువావ్ రోషా పెవిలియన్, రెండూ అక్కడి నుంచి నడకే. మెట్రో కార్డు మనిషికి ఒకటి తీసుకోవాలి. ఒక్క కార్డుతో ఇద్దరు వెళ్దామనుకుంటే రెండోవాళ్లకు గేటు తెరుచుకోదు.

పెవిలియన్ 2017లో తెరిచారు. సుమారు మూడు వేల మంది పడతారు, అంటే బాగా చిన్నది. సీటు ఎంచుకునేటప్పుడు మనవాళ్లు చేసే పొరపాటు, వీలైనంత ముందు వరస అడగడం. రింక్ (ఆడే స్థలం) చుట్టూ మీటరు ఎత్తు గోడ ఉంటుంది. కింది వరసలో కూర్చుంటే మన వైపు గోడ వారన జరిగే ఆటంతా ఆ గోడే మింగేస్తుంది. గోల్ వెనక సీట్లకు వల అడ్డం. పొడుగు వైపున, మధ్యగీతకు దగ్గరగా, సగం పైన ఉన్న వరసలే మేలు. బంతి చుట్టుకొలత 23 సెంటీమీటర్లు, బరువు 155 గ్రాములు. ఆ వేగానికి దాన్ని వెతికేకంటే ఆటగాళ్ల భుజాలు ఎటు తిరిగాయో చూస్తే ఆట త్వరగా అర్థమవుతుంది.

గడ్డి మీది హాకీకి అలవాటైన కళ్లకు మొదట కొన్ని వింతగా ఉంటాయి. కర్రకు రెండు వైపులా చదునే, రెండు వైపులా కొట్టొచ్చు. బంతిని స్కేట్‌తో ఆపొచ్చు గానీ తన్నకూడదు. 40 బై 20 మీటర్ల రింక్‌లో జట్టుకు నలుగురు, వాళ్లు కాక గోలీ (గోల్‌కీపర్). స్కేట్లు మన దగ్గర ఎక్కువమంది పిల్లలు వేసుకునే ఇన్‌లైన్ రకం కావు, ముందు రెండు, వెనక రెండు చక్రాలవి, బొటనవేలి దగ్గర రబ్బరు బ్రేకు. గోల్ వెనక కూడా మూడు మీటర్ల దాకా చోటు ఉంటుంది. అక్కడికి బంతి వెళ్తే ఆట ఆగిందనుకోవద్దు, సగం దాడులు అక్కణ్ణించే మొదలవుతాయి. గోల్ ఎత్తు 105 సెంటీమీటర్లే, వెడల్పు 170. అందుకే గోలీ నిలబడడు. పీట మీద కూర్చున్నట్టు వంగి, కాళ్ల ప్యాడ్లు రెండూ దగ్గర చేసి, గ్లవ్స్ చెరో పక్క పెట్టి కింద మూసేస్తాడు. మిగిలేవి భుజాల పైన రెండు మూలలు. మంచి షూటర్లు అక్కడికే కొడతారు.

ఇక అసలు విషయం. స్కోరుబోర్డు మీద గోల్స్ పక్కన జట్టు ఫౌల్స్ అంకె ఉంటుంది, చూడాల్సింది అదే. జట్టు మొత్తం మీద పదో ఫౌల్‌కు ఎదుటి జట్టుకు డైరెక్ట్ ఫ్రీ హిట్, అంటే గోలీ ఒక్కడే అడ్డం ఉండగా గోల్ కొట్టే అవకాశం. ఆ తర్వాత ప్రతి అయిదింటికీ ఒకటి: 15, 20, అలా. విరామంలో ఈ లెక్క సున్నా కాదు, రెండు పాతిక నిమిషాల అర్ధాలకూ కలిపే నడుస్తుంది. తొమ్మిది దగ్గరున్న జట్టు డిఫెన్స్ చూడండి: కర్ర వెనక్కి తీసుకుంటారు, అడుగు దూరం జరుగుతారు. అది పసిగట్టిన ఎదుటివాళ్లు బంతి పాస్ చేయడం మానేసి నేరుగా వాళ్ల మీదికే దూసుకొస్తారు. తాకితే ఫ్రీ హిట్, తాకకపోతే దారి.

ఆ ఫ్రీ హిట్ గోల్ నుంచి 7.40 మీటర్ల దూరంలో పెడతారు. పెనాల్టీ అయితే 5.40. కొట్టేవాడికి అయిదు సెకన్లే గడువు. నేరుగా కొట్టొచ్చు, లేదా బంతిని తీసుకెళ్లి గోలీని ఒక పక్కకు లాగి రెండో పక్క వేయొచ్చు. బంతి కదిలేదాకా గోలీ కదలకూడదు. పెద్ద తప్పుకు చూపే నీలం కార్డు పడితే ఇంకా ఖరీదు: ఫ్రీ హిట్ ఇవ్వాలి, ఆపై ఒక మనిషి తక్కువతో రెండు నిమిషాలో, గోల్ తిన్నదాకానో ఆడాలి.

సెమీస్‌లో స్పోర్టింగ్‌కు బెన్ఫికా, పోర్టోకు బార్సిలోనా ఎదురయ్యాయి. మొదటిది ఊరి తగాదా, రెండూ లిస్బన్ క్లబ్బులే. ఆ రోజు స్పోర్టింగ్ పచ్చ చొక్కాల మధ్య బెన్ఫికా ఎర్ర చొక్కా వేసుకుని కూర్చోకపోవడమే మంచిది. ఆదివారానికి పోర్టో నీలం కూడా ఆ జాబితాలో చేరుతుంది. ఏ వైపూ కానివాళ్లకు బూడిద రంగు క్షేమం. రెండోది పేరుకు పెద్దది: ఈ కప్పు 22 సార్లు గెలిచిన బార్సిలోనా, ఆఖరిది ముందు ఏడాదే పోర్టో సొంత హాల్లో పోర్టో మీదే గెలుచుకుంది. ఈసారి పోర్టో బదులు తీర్చుకుంది.

ఫైనల్లో స్పోర్టింగ్ 5–2తో పోర్టోను ఓడించింది. 1977 తర్వాత వాళ్లకు ఇదే మొదటి యూరప్ కిరీటం. సొంత హాల్ కలిసొచ్చిందని అన్నవాళ్లున్నారు. నాకు పూర్తిగా నమ్మకం లేదు, ఎందుకంటే 2013లో బెన్ఫికా పోర్టో హాల్లోనే పోర్టోను ఫైనల్లో ఓడించింది. కలిసొచ్చిందేదైనా ఉంటే అది స్పోర్టింగ్ గోలీ ఆంజెలు జిరావ్. ఫ్రీ హిట్లకు గోల్ ఇవ్వని గోలీ ఉన్న జట్టుకు పదో ఫౌల్ అంటే అంత భయం ఉండదు, డిఫెండర్లు గట్టిగా ఆడగలరు. జూలైలో బార్సిలోనాలో జరిగిన ప్రపంచకప్ ఫైనల్లో పోర్చుగల్ అర్జెంటీనాను పెనాల్టీల్లో ఓడించినప్పుడూ గోల్‌లో ఉన్నది అతనే.

తిండికి: స్టేడియం బయట వ్యాన్ల దగ్గర దొరికే బిఫానా పంది మాంసం. కాల్దు వెర్ద్ ఆకుకూర సూప్ అనుకుని శాకాహారులు తాగేయొద్దు, అందులో పంది సాసేజ్ ముక్కలేస్తారు. "సెమ్ శౌరీసు" అంటే ముక్కలు వేయకుండా ఇస్తారు గానీ సూప్ కాచింది దేంతోనో అడగాలి. ఉప్పునీటిలో నానబెట్టిన తురిమోసు గింజలు మాత్రం శాకాహారులూ తినొచ్చు.

ఇప్పుడు ఈ టోర్నీ పేరు ఛాంపియన్స్ లీగ్. వెళ్లాలనుకునేవాళ్లకు పెద్ద చిక్కు ఒకటే: ఆఖరి మ్యాచ్‌లు ఏ ఊళ్లోనో చాలా ముందుగా తెలియకపోవచ్చు. ఫైనల్ ఫోర్ 2017లో స్పెయిన్‌లోని లేయిడాలో, 2021లో పోర్చుగల్‌లోని చిన్న ఊరు లూజులో జరిగింది. కాబట్టి వీసా ముందే చేయించుకుని, డబ్బు వాపసు వచ్చే హోటల్‌నే బుక్ చేయండి. విమానం పోర్టోకో లిస్బన్‌కో తీసుకుంటే, వేదిక పోర్చుగల్‌లో పడినప్పుడు మిగతా దూరం రైలో బస్సో చూసుకుంటుంది.