బెల్‌గ్రేడ్‌లో ఒక రాత్రి

నిన్న రాత్రి సెర్బియా దర్శకుడు గోరాన్ పస్కల్యెవిచ్ 1998లో తీసిన 'బురే బరుటా' సినిమా చూశాను. అంటే మందుగుండు పీపా అని అర్థం. కథంతా సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో ఒక్క రాత్రి. చిన్న కారు ప్రమాదం చాలు, ఒకాయన తన కారును గుద్దిన కుర్రాడి ఇంటికెళ్ళి సామానంతా పగలగొడతాడు. డ్రైవరు కాఫీ తాగుతూ ఆలస్యం చేశాడని ఇంకో కుర్రాడు బస్సునే ఎత్తుకుపోతాడు. బస్సులో వాళ్ళ భయం చూస్తుంటే నాకు నిజంగానే టెన్షన్ వచ్చింది. మధ్యలో ఆపేసి, నీళ్ళు తాగి, మళ్ళీ కూర్చున్నాను.

దీనికి వెనిస్ చిత్రోత్సవంలో అంతర్జాతీయ విమర్శకుల బహుమతి వచ్చింది. నాకైతే బహుమతి కంటే పస్కల్యెవిచ్ ధైర్యమే గొప్పగా అనిపించింది. అప్పటి యుగోస్లావియా అధ్యక్షుడు మిలోషెవిచ్ పాలన సాగుతుండగానే, సొంత ఊరి కోపాన్ని ఇంత సూటిగా చూపించడం మాటలా!

ఆయన 1947లో బెల్‌గ్రేడ్‌లో పుట్టారు, ప్రాగ్‌లో సినిమా చదువుకున్నారు. జాతీయవాదం పెచ్చుమీరిన 1990లలో ఫ్రాన్స్ వెళ్ళిపోయారు. 2020లో పారిస్‌లో కన్నుమూశారు.

చివరి ఏళ్ళలో మన హిమాలయాలకొచ్చి, నటుడు విక్టర్ బెనర్జీతో 'దేవభూమి' తీశారు. నలభై ఏళ్ళ తర్వాత సొంత పల్లెకు తిరిగొచ్చే మనిషి కథ. ఊరు వదిలిన మనిషి తీసిన కథ కదా, అందుకే ఈ వారాంతం నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని చూడాలనుంది. నాన్న కూడా ఊరొదిలి చాలా ఏళ్ళయింది.