గడప కోసం వెళ్ళి చూసిన దేవరకాడు

బెంగళూరు శివారులో కట్టుకుంటున్న ఇంటికి ద్వారబంధం నిలబెట్టే ముహూర్తం దగ్గరపడినప్పుడు, కలప కోసం మైసూరు రోడ్డులోని అడితులన్నీ తిరిగాము. మదనపల్లె నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా ఇక్కడే పనిచేస్తున్న మా వడ్రంగి, సింహద్వారానికి వేగిస తప్ప మరొకటి వద్దని పట్టుబట్టాడు. కన్నడిగులు దాన్ని హొన్నె అంటారు. ఒక అడితి యజమాని ఒక దుంగను తట్టి చూపిస్తూ అది కొడగు (కూర్గ్) సరుకని చెప్పాడు. కొడగులో ఎక్కడిదని మా అమ్మ అడిగితే మాత్రం జవాబు రాలేదు. నా భార్యతో కలిసి పనిచేసే ఒకావిడ పుట్టిల్లు గోణికొప్ప దగ్గర ఉండడంతో, ఎస్టేటులోనే నేరుగా కలప చూసుకుందామని ఒక శనివారం తెల్లవారుజామున నలుగురమూ కారులో బయలుదేరాము.

హుణసూరు దాటి, నాగరహొళె అడవి అంచున సాగి, తితిమతి తర్వాత కాఫీ తోటల్లోకి వచ్చాము. తోటల్లో నీడకు నిలిపిన చెట్లలో ఎటు చూసినా సిల్వర్ ఓక్ కనిపించింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఈ చెట్టు త్వరగా పెరుగుతుంది, కొట్టి అమ్ముకోవడమూ సులువు. వేగిస, జిట్రేగి వంటి నాటు చెట్లను కొట్టాలంటే అనుమతుల చిక్కు ఉంటుంది. పైగా కొన్ని రకాల భూముల్లో చెట్టు మీద హక్కు రైతుది కాదు, ప్రభుత్వానిది. తన నేలలో మొలిచినా తనది కాని చెట్టును ఏ రైతు మాత్రం ఎందుకు సాకుతాడు? అలా తోటల్లో పలచబడిన మాను మిగిలిన చోట్లలో దేవుడి అడవి ఒకటి.

ఆ అడవినే అక్కడ దేవరకాడు అంటారు. మాకు ఆతిథ్యమిచ్చిన పెద్దాయన చెప్పులు విడిపించి మమ్మల్ని లోపలికి తీసుకువెళ్ళారు. గుడి అనడానికి గోపురమేమీ లేదు. నాచు పట్టిన రాతి అరుగు మీద అయ్యప్ప, ఆ చుట్టూ ఎండుటాకుల్లో సగం కూరుకుపోయిన మట్టి కుక్కబొమ్మలు ఉన్నాయి. ఇక్కడి అయ్యప్ప వేటదేవుడు, మొక్కు తీరినవారు ఆయనకు ఈ కుక్కబొమ్మల్ని సమర్పిస్తారు. చెవి విరిగిన ఒక బొమ్మ వీపు మీద చీమలు పుట్ట పెట్టుకుంటే, దాన్ని తుడవబోయిన మా అమ్మను పెద్దాయన సున్నితంగా వారించారు. పండుగకు ముందు "కట్టు", అంటే కట్టుబాట్ల కాలం, మొదలైతే ఊళ్ళో కూడా ఎవరూ చెట్టు మీద గొడ్డలి వేయరని చెప్పారు.

కొడగులో ఇటువంటి కాడులు వెయ్యికి పైగా ఉన్నాయి. 1905లో 15,506 ఎకరాలుగా లెక్కకెక్కిన వాటి విస్తీర్ణం 1985 నాటికి 6,299 ఎకరాలకు తగ్గింది. కాఫీ తోటలు లోపలికి జరగడం, కలప కోసం మానులు కొట్టడం, రెవెన్యూ శాఖ అధీనంలో ఉన్న దశాబ్దాల్లో హద్దులు చెరిగిపోవడం, ఇవన్నీ కలిసి చేసిన పని ఇది. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు, యాజమాన్యం ఎవరిదైనా రికార్డులో అడవిగా ఉన్నదంతా అడవేనని తేల్చి నరికివేతకు అడ్డుకట్ట వేసింది. జనంలో భక్తి తగ్గడం వల్లే ఈ వనాలు పోయాయని కొందరు అంటారు, నేను ఒప్పుకోలేను. ఆ ఊరివారి భక్తిలో నాకు లోపం కనిపించలేదు. పెరిగింది దుంగ ధర, ఆ ధర పెంచినది మావంటి ఇళ్ళు.

తిరిగి వస్తుంటే కాఫీ మొక్కలు మొదలయ్యే అంచున ఒక మొద్దు కనిపించింది. నరికిన చోట వేగిస ఎర్రటి జిగురు కారుస్తుంది. అది నల్లగా గడ్డకట్టి, గాజుపెంకుల్లా మెరుస్తోంది. మా వడ్రంగి మోకాళ్ళ మీద కూర్చుని జానతో అడ్డంగా కొలిచాడు. నాలుగు జానలు దాటింది.

"ఇది కొట్టి ఎన్నాళ్ళో కాలేదు సార్, జిగురింకా రాలిపోలేదు," అన్నాడు.

ఎవరు కొట్టారని నేను అడిగితే పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. రాత్రిపూట రంపం చప్పుడు విన్నామనీ, తెల్లారి ఊరంతా వచ్చి చూసేసరికి దుంగ లేదనీ చెప్పి, పండుగ జరిపే వంతు తమకు వచ్చినప్పుడు దేవుడికి ఏమని చెప్పుకోవాలో తెలియడం లేదన్నారు. ఎస్టేటులో మా కోసం ఆరబెట్టి ఉంచిన కలపకు అనుమతి కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. అయినా దాన్ని కొంటానని చెప్పడానికి ఆ పూట నాకు నోరు రాలేదు.

దారిలో రామనగర దగ్గర టీ తాగుతుండగా అమ్మే అడిగింది, పాత ఇళ్ళు పడగొట్టిన కలప దొరకదా అని.

"దొరుకుతుందమ్మా, కాకపోతే మేకులు పీకడానికే రెండు రోజులు పడుతుంది," అన్నాడు వడ్రంగి.

పదిరోజులు వెతికితే, కూల్చిన ఒక పాత ఇంటి టేకు దూలాలు దొరికాయి. రంపపు పొట్టులో ఫెవికాల్ కలిపి మా వడ్రంగి మేకు రంధ్రాలను ఒక్కొక్కటే పూడ్చాడు. ముహూర్తం రోజున అమ్మ గడపకు పసుపు రాస్తూ, పూడ్చినా కనిపిస్తున్న రెండు రంధ్రాల మీద కుంకుమ బొట్లు పెట్టింది.