మొన దగ్గర 14 మిల్లీమీటర్లు: లామినేట్ చాకుతో ఆరో ప్రయత్నం

చివరికి దొరికింది! ఒక లామినేట్ (వేర్వేరు ఉక్కు పొరలు అతికించిన) మడత చాకుకు మొన దగ్గర పదును నిలవక, మూడు వారాలుగా నన్ను సతాయిస్తున్న ఆ 14 మిల్లీమీటర్ల గుట్టు నిన్న రాత్రి ఫెర్రిక్ క్లోరైడ్‌లో (ఉక్కు పైపొరను తిని రంగు మార్చే ద్రావణం) బయటపడింది. చాకు ఇంకా బాగుపడలేదు. కానీ కారణం కళ్లారా చూశాను కాబట్టి, కొలతలు మరిచిపోకముందే అన్నీ రాసి పెట్టుకుంటున్నాను.

ముందు మంచి కబుర్లు. కెర్షా లీక్ కాంపోజిట్ చాకు వచ్చింది: వాదర డి2 ఉక్కు, వెన్ను 14సి28ఎన్ ఉక్కు, రెంటినీ కలిపిన చోట రాగి గీత. పెట్టె తెరిచి పది నిమిషాలు ఆ గీతనే చూస్తూ కూర్చున్నాను. 15 డిగ్రీలకు సాన పడితే పదును పరీక్షలో మొదటిసారే 130 గ్రాములు వచ్చింది (పరీక్ష దారం తెగడానికి పట్టే బలం; అంకె ఎంత తక్కువైతే అంత పదును). స్పైడెర్కో ఎండ్యూరా చాకు హెచ్‌ఏపీ40 ఉక్కు కోర్ (మధ్య పొర) మీద నీలి పాటినా (వాడే కొద్దీ ఉక్కుకు పట్టే రంగు) చక్కగా దిగింది.

ఇక అసలు సంగతి. ఇది వేరే చాకు. తయారీదారు పేరు రాయను, ఒక్క చాకును చూసి కంపెనీ మొత్తాన్ని తూచడం సరికాదు. బ్లేడు పొడవు 86 మి.మీ., వెన్ను దగ్గర మందం 3 మి.మీ., వాదర వెనకాల 0.45 మి.మీ. మధ్యలో వీజీ10 ఉక్కు, రెండు పక్కలా మెత్తని స్టెయిన్‌లెస్. పైన స్టోన్‌వాష్ (రాళ్లతో కలిపి తిప్పి తెచ్చే మసక మెరుగు) ఉండడంతో రెండు ఉక్కులు కలిసే గీత దాదాపు కనపడదు. ఈ చివరి సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా దాని చుట్టూనే తిరిగింది.

సమస్య ఇదీ. సాన పట్టగానే పదును బ్రహ్మాండంగా ఉంటుంది. 300 మి.మీ. చొప్పున అట్టపెట్టె మీద పది కోతలు కోసి మళ్లీ కొలిస్తే, మొన వైపు 14 మి.మీ. మాత్రం చచ్చుబడిపోతుంది. ప్రతి చోటా మూడేసి సార్లు కొలిచి సగటు తీశాను. మొదటి ప్రయత్నంలో సాన పట్టగానే పిడి దగ్గర 135, నడుమ 140, మొన దగ్గర 155 గ్రాములు. పది కోతల తర్వాత పిడి దగ్గర 165, నడుమ 175, మొన దగ్గర 390! అట్టను కోయడం మానేసి చింపుతోంది. 40 రెట్ల భూతద్దంలో చూస్తే అక్కడ వాదర చిట్లలేదు, ఒక పక్కకు వాలిపోయి మెరుస్తోంది.

వాలిపోయింది కాబట్టి బర్ (సాన పట్టేటప్పుడు అంచున లేచే సన్నని ఉక్కు పొర) మిగిలిపోయిందనుకున్నాను. వీజీ10 బర్ మొండిదని అందరం అనుకునేదే. రెండో ప్రయత్నంలో మొత్తం శ్రద్ధ దాని మీదే పెట్టాను: చివరి రాయి మీద ఒక్కో వైపు ఒక్కో రాపిడి చొప్పున ఇరవై సార్లు, ఆపై 20 డిగ్రీలకు ఎత్తి రెండేసి తేలిక రాపిడులు, మళ్లీ 15కు దించి 1 మైక్రాన్ డైమండ్ స్ట్రాప్ (చివరి మెరుగు పెట్టే పట్టీ). టార్చి వేసి చూస్తే వాదర మీద ఎక్కడా మెరుపు లేదు. పది కోతలయ్యాక మొన 385. ఒక్క అడుగు కూడా ముందుకు పడలేదు. పైగా ఇదే పద్ధతిలో నా పాత వీజీ10 స్పైడెర్కో డెలికా చాకుకు పడితే మొన నుంచి పిడి దాకా 170 లోపే ఉంది. కాబట్టి తప్పు వీజీ10ది కాదు, నా చేతిది కూడా కాదు.

మూడో అనుమానం ఫ్యాక్టరీ వాదర మీద. బెల్టు మీద వేడెక్కిస్తే పైపొర మెత్తబడుతుంది, మొన సన్నగా ఉంటుంది కాబట్టి అక్కడే ఎక్కువ కాలుతుంది. 400 గ్రిట్ డైమండ్ ప్లేటు మీద వాదరంతా 0.4 మి.మీ. అరగదీశాను. వాదర వెనక మందం 0.49కి పెరిగింది. మొన 340కి దిగింది. కాస్త మెరుగే, అయితే మామూలుగా కాలిన వాదరకు ఇంత తీస్తే సమస్య పూర్తిగా పోవాలి. ఇక్కడ పోలేదు.

నాలుగోసారి కోణం. గైడెడ్ సిస్టమ్‌లో (చాకును బిగించి, రాయిని ఒకే కోణంలో నడిపే పరికరం) క్లాంపుకు దూరమయ్యే కొద్దీ కోణం పడిపోతుంది. యాంగిల్ క్యూబ్ (కోణం కొలిచే చిన్న పరికరం) పెట్టి చూస్తే పిడి దగ్గర 15.0, మొన దగ్గర 13.6. క్లాంపును 20 మి.మీ. ముందుకు జరిపి, మొన దగ్గర 15.2 వచ్చేలా చూసి మళ్లీ పట్టాను. 325. ఆ రాత్రి నిజంగా నీరసం వచ్చింది. డ్రాయర్‌లో పడేద్దామా అనిపించింది కూడా.

ఐదోసారి మలుపు తిప్పింది హార్డ్‌నెస్ ఫైళ్లు (ఉక్కు గట్టిదనం చూసే ఆకురాళ్లు). 40 నుంచి 65 హెచ్‌ఆర్‌సీ (గట్టిదనం కొలమానం) దాకా ఆరు ఫైళ్ల సెట్టు. ఫైలు తనకన్నా మెత్తని ఉక్కునే పట్టుకుంటుంది, గట్టిదాని మీద జారుతుంది. కచ్చితమైన అంకె ఇవ్వవు కానీ, ఒకే బ్లేడు మీద రెండు చోట్లను పోల్చడానికి వీటికి మించింది లేదు. పిడి దగ్గర వాదర బెవెల్ (సాన పట్టిన వాలు) మీద 55 ఫైలు జారిపోయింది, 60 గీసీ గీయనట్టు గీసింది. వీజీ10కు అది సరిగ్గా సరిపోయే లెక్క. మొన దగ్గర కుడి బెవెల్ మీద కూడా 55 జారింది. అదే చోట ఎడమ బెవెల్ మీద మాత్రం 45 ఫైలు కసక్కున పట్టుకుంది! ఒకే వాదరకు ఒక పక్క గట్టి, ఒక పక్క మెత్త. వేడికి కాలి ఉంటే రెండు పక్కలా మెత్తబడాలి కదా.

వెంటనే చాకు విప్పేశాను. లాక్ ముఖానికీ పివట్ రంధ్రం చుట్టూ నెయిల్ పాలిష్ పూసి ఆరనిచ్చాను. ఒక వంతు ఫెర్రిక్ క్లోరైడ్, నాలుగు వంతుల నీళ్లు. అసిటోన్‌తో తుడిచి మూడు నిమిషాలు ముంచి, వంటసోడా నీళ్లలో కడిగాను. రెండు ఉక్కులూ రెండు వేర్వేరు బూడిద ఛాయలకు తిరిగాయి, మధ్య గీత తేటగా లేచింది.

పిడి దగ్గర ఆ గీత ఎడమవైపు వాదరకు 4.5 మి.మీ. పైన, కుడివైపు 5.5 పైన ఉంది. అంత తేడా సహజమే. నడుముకు వచ్చేసరికి ఎడమ 3, కుడి 7. మొనకు 14 మి.మీ. దూరంలో ఎడమ గీత వాదర బెవెల్‌లోకి దిగిపోయింది. అక్కడి నుంచి వాదరకు 0.2 మి.మీ. దూరంలో నడిచి, ఒక 5 మి.మీ. మేర వాదరనే తాకేసింది. కుడివైపు అదే చోట కోర్ వెన్ను దాకా పాకింది. అంటే మొన దగ్గర వాదర వీజీ10 నడుమ లేదు, ఒక పక్కకు జరిగి మెత్తని పొర అంచున పడింది. నేను ఇన్నాళ్లూ సాన పట్టింది ఆ మెత్తని పొరకే. దానికి పదును వస్తుంది కానీ పది కోతలు కూడా నిలవదు.

ఎందుకు జరిగిందో నా ఊహ: మధ్య పొర షీటులోనే వంకరగా ఉండి ఉండవచ్చు, లేదా గ్రైండింగ్‌లో ఎడమవైపు తక్కువ, కుడివైపు ఎక్కువ తీసి ఉండవచ్చు. ఎడమ 4.5 నుంచి 3కు, ఆపై సున్నాకు వరుసగా పడిపోవడం చూస్తే గ్రైండింగ్ మీదే నా అనుమానం ఎక్కువ. షీటు వంకరైతే గీత అలలా లేచి పడాలి.

ఆరో ప్రయత్నం ఈ పొద్దున. లెక్క ఇలా వేశాను: కుడి బెవెల్‌ను ముట్టుకోకుండా ఎడమవైపే 15 డిగ్రీల దగ్గర అరగదీస్తే, వాదర 1 మి.మీ. పైకి పోయినప్పుడు 0.27 మి.మీ. కుడికి జరుగుతుంది. నాకు కావాల్సింది 0.2. అంటే దాదాపు 0.75 మి.మీ. ఎత్తు వదులుకోవాలి. ఒకేసారి అంత తీయడానికి చేతులు రాలేదు, 0.4 తీసి ఆగాను. 14 మి.మీ. మీదే తీస్తే వాదరలో గుంట పడుతుంది కాబట్టి వెనక 40 మి.మీ. దాకా సాగదీసి కలిపాను. మొన ఇప్పుడు 240! వాదర కోర్‌లోకి వచ్చింది, కానీ మెత్తని పొర దానికి మరీ దగ్గరగా ఉంది. వచ్చే వారం మిగతా 0.35 తీస్తాను. 180 లోపు వస్తే ఈ చాకును రోజూ జేబులో పెట్టుకుంటాను.

ఇదంతా అయ్యాక లీక్ కాంపోజిట్ మీద ప్రేమ ఇంకా పెరిగింది. దాంట్లో అతుకు పక్కపక్కన కాకుండా కిందా పైనా ఉంటుంది, వాదర మందమంతా డి2నే. ఏ పక్కకు జరిగి గ్రైండ్ చేసినా మెత్తని ఉక్కు వాదరలోకి రాదు. అతికించే పని కష్టమే అయినా, వాడేవాడికి ఇదే భరోసా ఉన్న పద్ధతి అని నా అభిప్రాయం.

2021లో మాగ్నాకట్ (పదును నిలిపి, తుప్పునూ తట్టుకునే ఉక్కు) వచ్చాక ఇక రెండు ఉక్కుల చాకులు ఎందుకని అడిగేవాళ్లున్నారు. మాగ్నాకట్ గొప్ప ఉక్కే, కాదనను. కానీ హెచ్‌ఏపీ40 లాంటిది 64 హెచ్‌ఆర్‌సీ దాటి గట్టిపడుతుంది, క్రోమియం 4 శాతం చుట్టూ మాత్రమే కాబట్టి తుప్పు పడుతుంది. దాన్ని ఎస్‌యూఎస్410 స్టెయిన్‌లెస్ పొరల మధ్యలో పెడితే తుప్పు గురించి కింది సన్నని పట్టీ ఒక్కటే చూసుకుంటే చాలు. పాటినా కూడా అక్కడే దిగుతుంది. ఆ రెండు రంగుల అందం ఒకే ఉక్కు బ్లేడుకు ఎక్కడిది?

తర్వాత చూడాల్సింది డామస్టీల్. స్వీడన్ పౌడర్ ఉక్కులు ఆర్‌డబ్ల్యూఎల్34, పీఎంసీ27 కలిపిన బ్లేడు. రెండూ గట్టిపడేవే కాబట్టి గీత వాదరను ఎక్కడ దాటినా భయం లేదు. ఫాల్క్‌నివెన్ యూ2 చాకు కూడా జాబితాలో ఉంది, అది లామినేటే. ఏది వచ్చినా సాన పట్టకముందే రెండు పక్కలా గీత ఎత్తును పిడి దగ్గర, నడుమ, మొన దగ్గర కొలిచి రాస్తాను. స్టోన్‌వాష్ అయితే ముందు మొనను ఒక్క నిమిషం ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచుతాను. ఈలోగా ఫెర్రిక్ క్లోరైడ్ లీక్ కాంపోజిట్ దగ్గరికి రాకుండా వేరే అరలో పెట్టాను. అది రాగిని తినేస్తుంది, ఆ గీత పోతే నేను తట్టుకోలేను.