ఐదింటిలో ఏది? ఐదు నెలల రేంజ్ నోట్సు

నా దగ్గర ఐదు చేతి తుపాకులున్నాయి. వీటిలో నీకు బాగా ఇష్టమైనది ఏదని మా బావ అడిగితే, ఆలోచించకుండా బ్రౌనింగ్ హై పవర్ అనేశాను. ఎందుకంటే అందంగా ఉంటుంది కాబట్టి అన్నాను. "అది చూసి చెప్పిన మాట. కాల్చి చెప్పు" అన్నాడు. ఆ మాట నాలుగు రోజులు మనసులో తిరిగింది. నిజమే, సంవత్సరాల తరబడి ఒక్కో వారం ఒక్కోటి రేంజ్‌కు, అంటే కాల్పుల మైదానానికి తీసుకెళ్ళి సరదాగా కాల్చి వచ్చానే తప్ప, ఐదింటినీ ఒకే పద్ధతిలో ఎప్పుడూ చూడలేదు. అందుకే ఒక నోటుబుక్కు పెట్టాను.

ముందు ఐదూ ఏవో చెబుతాను. రూగర్ మార్క్ 4, పాయింట్ 22 (ఈ అంకె తూటా లావును సుమారుగా అంగుళాల్లో చెబుతుంది). స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 10 రివాల్వర్, పాయింట్ 38 స్పెషల్, నాలుగంగుళాల బరువు బారెల్. హై పవర్, సీజెడ్ 75, రెండూ 9 ఎంఎం. చివరిది కోల్ట్ 1911, పాయింట్ 45.

పద్ధతి ఇది. దూరం 10 మీటర్లు, రెండు చేతులతో, నిలబడి. ఐదేసి తూటాల గ్రూపులు నాలుగు, అంటే తుపాకీకి 20. ఒకే గురికి కాల్చిన ఐదు తూటాల రంధ్రాలు కలిపి ఒక గ్రూపు, అది ఎంత చిన్నదైతే అంత మంచిది. ప్రతిసారీ అదే రకం తూటా. గ్రూపు కొలిచేటప్పుడు దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచి, అందులోంచి తూటా వ్యాసం తీసేస్తాను. 9 ఎంఎంకు, 38కి 9 మిల్లీమీటర్లు, 45కి పదకొండున్నర. ఇలా చేస్తే రంధ్రాల మధ్య నుంచి మధ్యకు దూరం వస్తుంది, లావు తూటాకు అన్యాయం జరగదు. తప్పిపోయిన తూటాను "అది లెక్కలోకి రాదులే" అని వదిలేయకూడదని మొదటి పేజీలోనే రాసుకున్నాను.

మొదటి నెల

సగటు గ్రూపులు: రూగర్ 38 మిల్లీమీటర్లు, సీజెడ్ 55, హై పవర్ 64, 1911 దగ్గర 71. మోడల్ 10ని హ్యామర్ (తూటాను కొట్టి పేల్చే ముక్క) ముందే వెనక్కి లాగి, సింగిల్ యాక్షన్‌లో కాల్చితే 58. ట్రిగ్గర్‌తోనే హ్యామర్ లేపి, డబుల్ యాక్షన్‌లో కాల్చితే 118. ఆ 118 చూసి నిజంగా బాధేసింది. ఆ రివాల్వర్‌ను ఎప్పుడూ సింగిల్ యాక్షన్‌లోనే కాల్చి, నాకు బాగానే వచ్చనుకుంటూ వచ్చాను.

రూగర్ ముందుండటంలో వింత లేదు. దాని తూటా 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. కాల్చినప్పుడు చేతికి తగిలే అదురు లేనట్టే. 1911కు వాడేది 230 గ్రెయిన్లు, దాదాపు 15 గ్రాములు. ఈ రెండిటినీ ఒకే కాగితం మీద పోల్చి ఇది మంచిది, అది కాదు అంటే సరికాదు. కాబట్టి ఎవరి గ్రూపు చిన్నది అనేదాని కన్నా, ఎవరి గ్రూపు ఎంత తగ్గింది అనేది చూడాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

ఇంకో లెక్క కూడా పక్కన రాసుకున్నాను. సైట్లంటే గురి చూసుకోవడానికి తుపాకీ మీద ఉండే గుర్తులు. ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య 160 మిల్లీమీటర్లుంటే, ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా 10 మీటర్ల దగ్గర తూటా 6 సెంటీమీటర్లకు పైనే తప్పుతుంది. ట్రిగ్గర్ నొక్కే ఆఖరి క్షణంలో చెయ్యి ఎంత కదిలినా కాగితం మీద ఎంత పెద్దదిగా కనిపిస్తుందో అర్థమైంది.

రెండో నెల

1911తో ఒక చికాకు. 20 తూటాలకు రెండు మూడు సార్లు తూటా ఛాంబర్‌లోకి (అది పేలే గదిలోకి) వెళ్ళకుండా మధ్యలో ఇరుక్కునేది. పేలిన షెల్‌ను బయటికి లాగే ఎక్‌స్ట్రాక్టర్ ముక్కదే తప్పనుకుని విప్పి శుభ్రం చేశాను, ఫలితం లేదు. అప్పుడు తూటాలు నింపే మ్యాగజైన్లన్నిటికీ అడుగున పెయింట్ పెన్నుతో నంబర్లు వేశాను. రెండు వారాల్లో దొంగ దొరికాడు. ప్రతిసారీ మూడో నంబరే. పాతది కొన్నప్పుడు తుపాకీతో పాటు వచ్చిన మ్యాగజైన్ అది, తూటాలను పట్టి ఉంచే దాని పైపెదవుల్లో ఒకటి కొంచెం విచ్చుకుని ఉంది. దాన్ని పక్కన పెట్టాక మళ్ళీ ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు. మ్యాగజైన్లు ఒకటికన్నా ఎక్కువున్న ప్రతివాళ్ళూ ముందు నంబర్లు వేసుకోండి, తుపాకీ మీద అనుమానం ఆ తర్వాతే.

1911 గురించి ఒక్క మాట. 1911 మార్చి 29న అమెరికా సైన్యం దీన్ని తీసుకుంది, 1985 దాకా అదే వాళ్ళ ప్రామాణిక పిస్టల్. దాని ట్రిగ్గర్ నేరుగా వెనక్కి జారుతుంది, మిగతావాటిలాగా కీలు మీద ఊగదు. ఆ శుభ్రమైన చిన్న కదలిక మిగతా నాలుగింటిలో లేదు. మనసు కాసేపు అటు లాగింది.

ఈ నెలలోనే అసలు సంగతి బయటపడింది. బావ రేంజ్‌కు వచ్చాడు. రివాల్వర్ నా చేతికివ్వకుండా పక్కకు తిరిగి, తిరిగే సిలిండర్‌లోని ఆరు గదుల్లో మూడింట్లో మంచి తూటాలు, మూడింట్లో వాడేసిన షెల్స్ (ఖాళీ తొడుగులు) పెట్టి, సిలిండర్ తిప్పి మూసి ఇచ్చాడు. ఏ గదిలో ఏముందో నాకు తెలియదు. మొదటిది పేలింది. రెండోది క్లిక్ మంది, బారెల్ కొన మాత్రం రెండంగుళాలు కిందికి వంగింది.

"చూశావా బావా? పేలనే లేదు, నీ చెయ్యి మాత్రం అదురును ఆపడానికి ముందే దిగిపోయింది" అన్నాడు.

ఇంతకాలం తర్వాతి తూటాను తామే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్‌లతో, అంటే మిగతా నాలుగింటితో కాల్చినప్పుడు ఆ వంగడం అదురులో కలిసిపోయి కనబడేది కాదు. రివాల్వర్ దాన్ని దాచలేదు. ఆ రోజు ఇంటికొచ్చి పెద్ద అక్షరాలతో రాసుకున్నాను: తప్పు సైటుది కాదు, తూటాది కాదు, చేతిది.

మూడో నెల

ఇంట్లో ఖాళీ తుపాకీతో సాధన మొదలు. రోజూ పది నిమిషాలు, అంతకు మించి లేదు. తూటాలన్నీ వేరే గదిలో, తలుపు వేసి ఉంటాయి. సిలిండర్ తెరిచి ఆరు గదులనూ కంటితో చూసి, వేలితో తడిమి, అప్పుడు స్నాప్ క్యాప్‌లు, అంటే సాధనకు వాడే డమ్మీ తూటాలు పెడతాను. గోడ అవతల మనుషులుండే వైపు ఎప్పుడూ చూపించను. పది నిమిషాలు అవగానే "సాధన అయిపోయింది" అని పైకి అని లోపల పెట్టేస్తాను. "ఇంకొక్కసారి" అనుకోవడంలోనే ప్రమాదాలు జరుగుతాయి, అందుకే ఆ మాట పైకి అనడం నాకు ముఖ్యం. ఈ సాధన రివాల్వర్‌తో ఒక్కదానితోనే.

బరువు బారెల్ పైభాగం కాస్త చదునుగా ఉంటుంది కాబట్టి దాని మీద ఒక నాణెం పెట్టి, డబుల్ యాక్షన్‌లో అది పడకుండా ట్రిగ్గర్ చివరిదాకా లాగాలి. మొదటి వారం పదిసార్లకు రెండుసార్లు నిలిచింది. నెలాఖరుకు పదికి తొమ్మిది. వేలి కొనతో కాకుండా మొదటి కణుపు దగ్గరకు ట్రిగ్గర్ తెచ్చుకున్నాక తేడా వచ్చింది. డబుల్ యాక్షన్ బరువును వేలి కొన మోయలేదు. మధ్యలో ఆగి సైట్లు సరిచూసుకుని మళ్ళీ లాగే అలవాటు కూడా మానేశాను. ఆగకుండా, ఒకే వేగంతో, చివరిదాకా. ముందు సైటు కొంచెం తిరుగుతూనే ఉంటుంది, తిరగనివ్వాలి.

గ్రిప్ (పిడి) సంగతి కూడా. దాని పాత చెక్క గ్రిప్ సన్నది, ట్రిగ్గర్ గార్డ్ వెనక ఖాళీ మిగులుతుంది. నా మధ్యవేలు ఆ ఖాళీలోకి ఎక్కి ప్రతి దెబ్బకూ కణుపు నొప్పెట్టేది. ఆ ఖాళీని నింపే చిన్న అల్యూమినియం అడాప్టర్ బిగించాను. చెక్క అందం అలాగే ఉంది, నొప్పి పోయింది.

నాలుగో నెల

ఒక రోజు 40 తూటాల తర్వాత సిలిండర్ బిగిసిపోయింది. ట్రిగ్గర్ సగం లాగితే ముందుకు కదలదు. చాలా టెన్షన్ పడ్డాను, లోపల ఏదో విరిగిందనుకున్నాను. తుపాకీని టార్గెట్ వైపే ఉంచి, నెమ్మదిగా తెరిచి చూస్తే షెల్స్‌ను తోసే నక్షత్రం ఆకారపు ముక్క కింద కాలని మందు రేణువులు నాలుగైదు. అంత చిన్న రేణువుకు అంత పెద్ద యంత్రం ఆగిపోయింది. నేను బారెల్ కిందికి పెట్టి షెల్స్ తోస్తున్నాను, అందుకే రేణువులు దాని కిందికి జారాయి. ఇప్పుడు బారెల్ నిటారుగా పైకి పెట్టి గట్టిగా ఒక్కసారే తోస్తాను. సంచీలో పాత టూత్‌బ్రష్ ఒకటి ఉంటుంది, ప్రతి 30 తూటాలకూ ఆ నక్షత్రం కింద ఒకసారి పొడి బ్రష్. అక్కడ నూనె వేయకూడదు, నూనెకు రేణువులు ఇంకా అంటుకుంటాయి.

తూటా బరువు కూడా ఈ నెలలోనే తేలింది. ఈ రివాల్వర్ వెనక సైటు ఫ్రేము మీద చెక్కిన గాడి మాత్రమే, జరపడానికి ఏమీ లేదు. 125 గ్రెయిన్ల తూటాలు గురి కన్నా కింద పడ్డాయి. 158 గ్రెయిన్లవి సరిగ్గా గురి పెట్టిన చోటే పడ్డాయి. తేలిక తూటా త్వరగా బారెల్ దాటిపోతుంది, బరువుది కాస్త ఎక్కువసేపు లోపల ఉంటుంది, ఆలోగా అదురుకు బారెల్ పైకి లేస్తుంది. ఇలాంటి స్థిర సైట్లున్న తుపాకీకి సైట్లను గీకేముందు తూటా మార్చి చూడాలి.

ఐదో నెల

అదే 10 మీటర్లు, అదే 20 తూటాలు. రూగర్ 29, సీజెడ్ 44, హై పవర్ 49, 1911 దగ్గర 52, మోడల్ 10 డబుల్ యాక్షన్‌లో 57.

ఇందులో నన్ను ఆపేసిన విషయం చివరి అంకె కాదు. ఈ మూడు నెలలూ నేను ఇంట్లో సాధన చేసింది రివాల్వర్‌తో ఒక్కదానితోనే. మిగతా నాలుగూ వాటంతటవే తగ్గాయి. సీజెడ్ 75 మొదటి తూటా డబుల్ యాక్షన్‌లో కాల్చితే ఎప్పుడూ ఎడమవైపు కిందికి పోయేది, ఇప్పుడు మిగతావాటిలోనే కలుస్తోంది.

హై పవర్ మీద ప్రేమ తగ్గలేదు. జాన్ బ్రౌనింగ్ 1926లో చనిపోయాక డ్యూడొన్నే సైవ్ పూర్తి చేసిన తుపాకీ అది, 1935లో బెల్జియం సైన్యంలోకి వెళ్ళింది, 13 తూటాల మ్యాగజైన్ ఆ రోజుల్లో చాలా పెద్ద సంగతి. చేతిలో పట్టుకుంటే అచ్చు పోసినట్టుంటుంది. పెట్టెలో పై అరలో దాని చోటు దానిదే. సీజెడ్ అయితే అన్నిటికన్నా స్థిరంగా కాల్చే పెద్ద తుపాకీ. పైన ముందుకూ వెనక్కూ జారే స్లయిడ్, ఫ్రేము లోపలి గాడుల్లో నడుస్తుంది కాబట్టి చేతికి దగ్గరగా, తక్కువ ఎత్తులో ఉంటుంది. దానివల్లే స్లయిడ్ పట్టుకుని లాగడానికి చోటు తక్కువ, చెమట పట్టిన చేతికి జారుతుంది.

కానీ ఒక్కటే ఉంచుకోమంటే మోడల్ 10. ఆరు తూటాలే, తిరిగి నింపడం నెమ్మది, ఐదింటిలో చివరి గ్రూపు దానిదే, అన్నీ తెలిసే అంటున్నాను. 1899లో మొదలై అరవై లక్షలకు పైగా తయారైన మామూలు తుపాకీ. సిలిండర్ తెరిస్తే లోడ్ అయి ఉందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. లాగినప్పుడు హ్యామర్ లేవడం, సిలిండర్ తిరగడం, ఆగడం అన్నీ కళ్ళ ముందే జరుగుతాయి. నేను ఎక్కడ తప్పానో ప్రతిసారీ చెబుతుంది.

బావకు ఈ పేజీలు చూపించాను. నిశ్శబ్దంగా చదివి, "అయితే లోపల తేలిక స్ప్రింగ్ వేయించు, ఇంకా తగ్గుతుంది" అన్నాడు. వద్దన్నాను. గ్రిప్ ముందువైపు అడుగున ఉండే చిన్న స్క్రూ, హ్యామర్‌ను నడిపే మెయిన్‌స్ప్రింగ్‌ను బిగించి ఉంచుతుంది. ట్రిగ్గర్ తేలిక కావాలని కొందరు దాన్ని వదులు చేస్తారు, తర్వాత ప్రైమర్ (తూటా అడుగున మందును అంటించే చిన్న ముక్క) మీద దెబ్బ చాలక తూటాలు పేలవు. నాది చివరి మెలిక దాకా బిగించే ఉంది, ప్రతి శుభ్రం తర్వాతా ఒకసారి చూస్తాను. ఇక నుంచి దూరం 25 మీటర్లు, డబుల్ యాక్షన్‌లోనే. నిన్న సాయంత్రం మొదటి ఐదు కాల్చాను: 131 మిల్లీమీటర్లు.