తెల్లగా పుట్టిన టమాటా మొలకలు: నా అనుభవం

ఇంట్లో కాసిన ఒకే ఒక్క టమాటా పండులోంచి తీసి ఎండబెట్టుకున్న గింజలు ట్రేలో వేశాను. వారం తిరిగేసరికి పచ్చటి మొలకల మధ్య అక్కడక్కడా పాలలాంటి తెల్ల మొలకలు! పసుపు కాదు, పాలిపోవడం కాదు, అచ్చం తెలుపే. కాడ మాత్రం లేత ఊదా రంగు. దగ్గరికి వంగి చూస్తే ఆ చిన్న ఆకుల్లోంచి వెలుతురు అవతలికి కనిపిస్తోంది.

నాకు చాలా టెన్షన్ వచ్చింది. ఎండ చాలలేదేమో అని ట్రేని కిటికీ దగ్గరికి జరిపాను, తెల్లవి ఇంకా త్వరగా వాడిపోయాయి. మట్టిలో ఏదో లోపం ఉందేమో అనుకుని ఎరువు నీళ్లు కాస్త కలిపి పోశాను, ఏమీ మారలేదు. అప్పుడు నెమ్మదిగా ఆలోచిస్తే తట్టింది: లోపం మట్టిలోనో నీళ్లలోనో ఉంటే పక్కనే అదే మట్టిలో ఉన్న మొలకలు అంత పచ్చగా ఎలా ఉంటాయి?

అప్పుడు లెక్కపెట్టాను. మొత్తం 44 మొలిస్తే తెల్లవి 10. దాదాపు నాలుగో వంతు. 1866లో మెండెల్ అనే శాస్త్రవేత్త బఠాణీల మీద రాసినప్పుడు చూపించిన లెక్క ఇదే కదా! అంటే తల్లి మొక్క చూడ్డానికి పచ్చగానే ఉన్నా, పత్రహరితం తయారుకాకుండా చేసే అంతర్గత జన్యువు (పుప్పొడి నుంచీ, అండం నుంచీ రెండు వైపులా అందితేనే బయటపడేది) ఒకటి దానిలో దాగుంది. టమాటా పువ్వు ఎక్కువగా తన పుప్పొడితోనే ఫలదీకరణ చెందుతుంది కాబట్టి ఆ జన్యువు రెండు వైపుల నుంచీ అందిన గింజల్లోంచి తెల్ల మొలకలు వచ్చాయి. పత్రహరితం లేనిదే మొక్క తిండి తయారుచేసుకోలేదు, గింజలో దాచుకున్నది అయిపోయేదాకానే బతుకుతుంది. చివరి తెల్ల మొలక పన్నెండో రోజున వాలిపోయింది. ఏం చేసినా బతికేది కాదని తెలిసీ ఆ రోజు మనసు చివుక్కుమంది.

అదే ట్రేలో ఇంకో వింత కూడా ఉంది, ఒక మొలకకి రెండు బీజదళాలకి (గింజలోంచి మొట్టమొదట వచ్చే ఆకులు) బదులు మూడు! దీనికి మాత్రం కంగారు పడనక్కర్లేదు, తర్వాత వచ్చే అసలు ఆకులు మామూలుగానే ఉంటాయి, నాది బాగా పెరిగి కాసింది కూడా. ఇలాంటివాటిని చూడగానే పీకి పారేసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది, ఇంకో రెండు వారాలు ఆగి చూడండి.

నా అసలు దిగులు మిగిలిన పచ్చ మొక్కల గురించి. తెల్లవి పోగా మిగిలిన ప్రతి మూడింటిలో రెండు ఆ జన్యువుని మోస్తూ ఉండొచ్చు, పైకి చూస్తే తెలియదు, కాయలు మాత్రం మామూలుగానే కాస్తాయి. అందుకే ఐదు మొక్కలు పెంచి, ఒక్కో మొక్క గింజలు విడివిడిగా కవర్లలో పెట్టి, ఒక్కో కవర్లోంచి ఓ ముప్పై గింజలు వేసి చూశాను. ఇరవై దాటి మొలిచినా ఒక్క తెల్లది కూడా రాకపోతే ఆ మొక్కని నమ్మొచ్చు, ఎందుకంటే జన్యువు ఉండి కూడా ఇరవైలో ఒక్కటీ బయటపడకపోవడం చాలా అరుదు. మూడు కవర్లలో తెల్లవి వచ్చాయి, రెండిటిలో రాలేదు. ఆ రెండు కవర్ల మీద పెన్నుతో పెద్దగా ‘తెల్లవి లేవు’ అని రాసుకుని, వచ్చే పంటకి విడిగా దాచాను.