కీటో నుంచి కొర్రన్నానికి

మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆఫీసులో కళ్లు మూతలు పడిపోతుంటే ఏదో ఒక డైట్ పట్టాల్సిందే అనుకున్నా. అమ్మేమో మంతెన గారి ఉప్పు, నూనె లేని వంట అంటుంది, బాబాయి ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు అంటాడు, ఫ్రెండ్స్ అందరిదీ కీటో, అంటే పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ తినడం. నేనూ కీటోనే మొదలుపెట్టా. అన్నం, ఇడ్లీ, పప్పు బంద్, పిండిపదార్థాలు రోజుకి 50 గ్రాముల లోపే.

మొదటి వారంలోనే రెండున్నర కిలోలు తగ్గితే ఎంత సంబరపడ్డానో! అందులో ఎక్కువ నీరేనని తర్వాత తెలిసింది, ఒంట్లో దాచుకున్న చక్కెర నిల్వ, అదే గ్లైకోజెన్, ఖర్చవుతుంటే దాంతోపాటు నీరు, ఉప్పు కూడా పోతాయట, నాకొచ్చిన తలనొప్పి, మెట్లెక్కితే కాళ్లు లాగడం అందుకే. అసలు ఈ ఆహారాన్ని 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్ ఒకరు మూర్ఛ రోగుల కోసం ప్రతిపాదించారని చదివాక చాలాసేపు ఆలోచించా.

ఇప్పుడు కీటో మానేసి, రాత్రి పడుకునే ముందు గ్లాసుడు కొర్రలు కడిగి నానబోస్తున్నా. పొద్దున గింజని వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలగాలి, అప్పుడే అన్నం పొడిపొడిగా వస్తుంది. పప్పుచారు, తోటకూర వేపుడు, ఒక గుడ్డు. నాలుగు నెలల్లో మూడు కిలోలే తగ్గా, కానీ ఆ మధ్యాహ్నం మూడింటి మత్తు లేదు, నాకు కావాల్సింది అదే.

షుగర్ మాత్రలు వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా అన్నం ఒక్కసారిగా మానేయకండి, ప్లీజ్. మా పెద్దమ్మ అలాగే మానేసి మాత్ర అదే డోసు వేసుకుంది. తెల్లవారుజామున షుగర్ పడిపోయి ఒళ్లంతా చెమటలు, మాట తడబడుతోంది, పంచదార నీళ్లు తాగించాం. గ్లాసు పట్టుకున్న ఆమె చెయ్యి వణకడం ఇంకా కళ్ల ముందే ఉంది.