వాల్పొలిచెల్లాలో ద్రాక్ష ఆరబెట్టిన కాలం: నా అనుభవం

ఆరబెట్టిన ద్రాక్షతో చేసే అమరోనే అనే ఇటలీ రెడ్ వైన్ కోసం కోసే గుత్తి బిగుతుగా ఉండకూడదు. పండుకీ పండుకీ మధ్య గాలి ఆడాలి. ఇటలీలో మాస్టర్స్ చదువుతూ, ఇంటర్న్‌షిప్ కోసం వెరోనా పక్కనున్న వాల్పొలిచెల్లా కొండలకు వెళ్ళినప్పుడు నాకు చెప్పిన మొదటి మాట ఇదే.

అక్కడి తోటల్లో తీగలను పందిరి మీదికి ఎక్కిస్తారు. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్‌షాహి ద్రాక్ష పందిళ్ళ కింద తిరిగిన నాకు అది చూడగానే ప్రాణం లేచొచ్చింది. కొర్వీనా అనే ముఖ్యమైన రకంలో కొమ్మ మొదట్లో ఉండే మొగ్గలకు కాపు ఉండదు. అందుకే కొమ్మను పొడవుగా వదలాలి, దానికి పందిరే సుఖం.

సెప్టెంబరులో కోత మొదలైంది. మంచి గుత్తులు అమరోనేకి, మిగతావి మామూలు వాల్పొలిచెల్లా వైన్‌కి. తొడిమ పట్టుకుని కోయాలి, పండ్ల మీద వేళ్ళు పడకూడదు. ట్రేలో ఒకే వరుస, గుత్తి మీద గుత్తి పెట్టకూడదు. ఒక్క పండు చిట్లి రసం కారినా చాలు, అక్కడే బూజు పడుతుంది. వైన్ తయారుచేసి నిల్వ ఉంచే సెల్లార్ బాధ్యత చూసే పెద్దావిడ ప్రతి ట్రేనూ వెలుతురుకు ఎత్తి చూసేవారు. ఆవిడ కళ్ళ ముందు ట్రే పెట్టాలంటే మొదట్లో చాలా టెన్షన్‌గా ఉండేది.

అసలు పని ఆ తర్వాతే. ట్రేలన్నీ మేడ మీది పొడవాటి గదికి చేరతాయి. దాన్ని ఫ్రుత్తాయో అంటారు. రెండు వైపులా కిటికీలు, లోపల ఫ్యాన్లు. పూర్వం ట్రేలకు బదులు రెల్లు తడకలు వాడేవారట. మనం మిరపకాయల్ని కళ్ళంలో ఎండకు పోస్తాం, ఇక్కడ మాత్రం ఎండ సోకనివ్వరు. పొడిగాలి వీస్తే కిటికీలు తెరవాలి, మైదానం నుంచి పొగమంచు లేస్తే మూసేయాలి. రోజూ ఒక్కో ట్రే తీసి, బూజు పట్టిన పండును కత్తెరతో తీసేయడం నా పని. చూసేవాళ్ళకు విసుగనిపించే పనే, నాకు మాత్రం చాలా ఇష్టమైంది. నవంబరుకల్లా గది వాసనే మారిపోయింది. దాదాపు వంద రోజుల్లో పండు బరువులో మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది. నీరు పోయి చక్కెర చిక్కబడుతుంది.

నిబంధనల ప్రకారం డిసెంబర్ 1కి ముందు ఈ ద్రాక్షను చిదపకూడదు. మేము జనవరిలో చిదిపాం. ఆ చలిలో పులియడం చాలా నెమ్మది, వారాలు పడుతుంది. చక్కెర పూర్తిగా తరగకముందే ఆపేస్తే ‘రెచోతో’ అనే తియ్యటి వైన్, చివరిదాకా పులిస్తే అమరోనే. ఆల్కహాల్ 14 శాతానికి తగ్గకూడదు, 15, 16 దాకా వెళ్ళడం మామూలే. ట్యాంకు దగ్గర కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, ఆ గ్యాస్‌ను కొలిచే మీటరు చూడకుండా లోపలికి దిగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. పిప్పి పారతో ఎత్తేటప్పుడు పక్కన ఇంకో మనిషి నిలబడాల్సిందే.

ఆ పిప్పిని అంతకుముందు ఇంకోసారి వాడుకుంటారు. మామూలు వాల్పొలిచెల్లాను దాని మీద పోసి మళ్ళీ పులియబెడితే రిపాస్సో వస్తుంది. అన్నం, కూరలతో తినే మనలాంటి వాళ్ళకు అమరోనే కంటే రిపాస్సోనే నప్పుతుందని నా గట్టి అభిప్రాయం. రుచిలో అమరోనే బరువు అంతా ఇంతా కాదు. ఎండు చెర్రీ, కోకో రుచులు, వెనకాల చిన్న చేదు. ముదిరిన చీజ్ ముక్కతో ఒక చిన్న గ్లాసు చాలు.

1968లో డీఓసీ (ఇటలీలో ప్రాంతాన్ని బట్టి వైన్‌కు ఇచ్చే అధికారిక గుర్తింపు), 2010లో దానికి పై మెట్టయిన డీఓసీజీ స్థాయి వచ్చిన అమరోనేను కనీసం రెండేళ్ళు నిల్వ ఉంచాకే అమ్మాలి. ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళాలనుకునే మన విద్యార్థులకు నేను చెప్పేది ఒకటే: వేసవి మొదట్లోనే వైనరీలకు రాయండి, కోతతో సరిపెట్టకుండా జనవరి దాకా ఉండేలా అడగండి.